ఒక ర్యాపు పాటకు నేను చేసిన పరిష్కరణ

హిందూపురం, పెనుకొండ, ధర్మవరం తిరిగి వచ్చానని తెలిసినప్పటి నుండి మా తెనాలి మిత్రులు అడుగుతూనే ఉన్నారు. లేపాక్షి బసవన్నను చూశారా? చూడలేదు. పుట్టపర్తి వెళ్లారా? వెళ్లలేదు. పోనీ, ధర్మవరం వెళ్లినవారు ఒక పట్టుచీరైనా తెచ్చారా? తేలేదు. మరి ఆ మండుటెండలో మూడు రోజులు అక్కడ ఏం వెలగబెట్టినట్టు అన్నది వారి సందేహం. విషయం చెప్పుకోవడానికి కొంత సిగ్గుగానే ఉంది. నేనొక పాటను చెడగొట్టాను. దానిని మళ్లీ మొదటిలా చేయండని వేడుకోవడానికి వెళ్లాను.

బయలుదేరక మునుపు

పోయిన సంవత్సరం మా సాహితీ సమితివారు "నేటి పాటలలో భాషాపతనం" అనే సభ పెట్టి నన్ను అధ్యక్షస్థానంలో కూర్చోబెట్టారు. ఖండించబోయే వస్తువును ఒకసారి చూసి ఖండించాలన్న చాదస్తం నాకుంది. నమూనాలు పంపమన్నాను. కార్యదర్శిగారు నా ఫోనుకు ఆరు ర్యాపు పాటలు పంపారు. ఐదింటిని సంప్రదాయానుసారం ఖండించాను. ఆరవది "మూడు పోగులు" అనే బృందంవారి "మాయమ్మ మగ్గం". సభలో ఐదు పాటల మీద నలభై నిమిషాలు మాట్లాడి, ఆరవదాని ఊసెత్తకుండా శాలువా కప్పించుకుని ఇంటికి వచ్చాను. వచ్చి, తలుపు వేసుకుని, దానినే మళ్లీ విన్నాను.

అందులో వాద్యమంటూ ఏదీ లేదు. చేనేత మగ్గం చప్పుడే దరువు. కాలి కర్ర తొక్కిన మోత, నాడె ఇటు నుండి అటు దూకిన చప్పుడు, పోగును బిగించే కర్ర ఏటు. దాని మీద ఒక యువకుడు వడగళ్లు కురిసినట్టు మాటలు కురిపిస్తాడు. మధ్యలో ఒక అమ్మాయి గొంతు వచ్చి ఆ వడిని ఆపి, ఒక్క పల్లవి పాడి వెళ్లిపోతుంది. ప్రాస కోసం వెతికాను, ఉంది. యతి అనే మాట వీరు విని ఉండరు, అయినా ఊపిరి తీయవలసిన చోటనే మాట విరుగుతున్నది. నా శిష్యులకు ఏళ్ల తరబడి నల్లబల్ల మీద గీతలు గీసి చెప్పినా రానిది వీరికి ఎవరు చెప్పారో తెలియలేదు.

నాటి నుండి వేకువ నడకలో చెవులకు ఫోను తీగలు తగిలించుకుని అదే పాట వింటూ నడిచేవాణ్ణి. ఉద్యానంలో ఎదురైనవారు నేనేదో స్తోత్రం వింటున్నానని భావించి చేతులు జోడించేవారు. నేనూ ప్రతినమస్కారం చేసేవాణ్ణి. వారి భక్తిని భంగపరచడం దేనికి?

ఆ పాటలో ఒక వింత ఉంది. ఎనిమిది ఏట్లు పడ్డాక దరువు అర ఊపిరిసేపు ఆగుతుంది, మళ్లీ అందుకుంటుంది. అక్కడికి రాగానే నా అడుగు కూడా తనంత తాను ఆగేది. నడక మొత్తంలో నాకు మిక్కిలి ప్రియమైనది ఆ ఆగడమే. అంత ప్రియంగా ఉన్నదంటే అది దోషమై ఉండాలని నా చదువు నన్ను హెచ్చరించింది. నాలుగు పుటల ఉత్తరం రాశాను. "గుంతలో పొద్దంతా మాయమ్మ కాలు, నీళ్లల్లో నిలబడ్డ ఒంటికాలి కొంగ" అన్న పాదంలోని ఉపమానాన్ని ఒకటిన్నర పుట మెచ్చుకున్నాను. తక్కిన రెండున్నర పుటలలో ప్రతి ఎనిమిదవ ఏటు తరువాత తాళభంగం జరుగుతున్నదనీ, దరువు ఆద్యంతం సమంగా నడిచేలా సవరించుకొనవలసిందనీ ఉపదేశించాను. కింద సంతకం, సంతకం కింద బిరుదులు.

మూడు వారాలకు సవరించిన పాట వచ్చింది. దరువు రైలుపట్టాలలా తిన్నగా సాగింది. పాతది ఎక్కడా లేకుండా తీసేశారు. దానిని ఫోనులో దాచుకోవచ్చునన్న సంగతి నాకు తెలియదు. కొత్తది వింటూ నడిచాను. ఎక్కడా ఆగకుండా ఉద్యానం చివరికి చేరాను, ఏమీ అనిపించలేదు. ఉత్తరంలో నేను కోరినవన్నీ అందులో ఉన్నాయి, పాట ఒక్కటే లేదు. ఆ వారంలోనే ఫోనులో ఒక ప్రకటన కనిపించింది. ఆదివారం సాయంత్రం ధర్మవరంలో చేనేతవారి సభ, అందులో "పండితుల ఆశీస్సులతో" మూడు పోగులవారి పాట. పక్కన నా ఫొటో. ఆదివారంలోగా ఆ ఆశీస్సులను వెనక్కి తీసుకోవాలని రైలెక్కాను.

హిందూపురం: శుక్రవారం

బృందంలో మాటలు రాసి పలికేవాడు ఖాదర్‌బాషా. నా ఉత్తరం చేరినది అతని చిరునామాకే, చింతపండు మండీకి. స్టేషను బయట ఉగ్గాణి తిన్నాను. నానబెట్టిన బొరుగులకు తాలింపు పెట్టి, పక్కన రెండు మిరపకాయ బజ్జీలు పెట్టి నలభై రూపాయలన్నారు. మా వైపు బొరుగులను పిల్లల చిరుతిండిగా చూస్తాము; ఇక్కడ పెద్దలు దానిని భోజనంగా గౌరవిస్తారు. బజ్జీలోని మిరపకాయ మాత్రం గుంటూరు జిల్లావాడినని చూడకుండా నా కంట నీరు పెట్టించింది. హోటలు యజమాని నాతో తెలుగులోను, వంటవాడితో కన్నడంలోను, ఫోనులో రెండూ కలిపి మాట్లాడాడు. "దుడ్లు ఈడియ్యి సామీ" అన్నప్పుడు డబ్బులని ఊహించి ఇచ్చాను. ఊహ సరైనదే.

మండీలో చింతపండు గుట్టల నడుమ ఒక యువకుడు వేలం పాడుతున్నాడు. ఒక్క ఊపిరిలో పది ధరలు చెప్పి, పదకొండవదాని దగ్గర ఆగి, ఎదుటివారి ముఖాలు చూసి మళ్లీ అందుకుంటున్నాడు. ఆ గొంతు నాకు తెలుసు. "మండీలో చింతపండు ఏడాదికి నలుపు, మావోళ్ల మాటల్లో ఎప్పుడూ పులుపు" అని ఆరు నెలలుగా నా చెవిలో చెబుతున్న గొంతు. అతని ఊపిరి ఎక్కడ సాధన అయిందో అప్పుడు తెలిసింది. మా సభలలో మైకు ముందు పద్యం మధ్యలో రొప్పే వారిని ఒక్క వారం ఈ మండీకి పంపితే తెలుగు సాహిత్యానికి మేలు జరుగుతుంది.

వేలం ముగిశాక నా పేరు చెప్పాను. అతడు చేతులు దులుపుకుని వంగి కాళ్లకు మొక్కాడు. నేను వారించేలోపే అతని తండ్రి లోపలికి పోయి ఒక అట్ట తెచ్చాడు. నా ఉత్తరం! నాలుగు పుటలకూ లామినేషన్ చేయించి పెట్టారు.

"తడి చేత్తో పట్టుకున్నా ఏం గాదు సామీ. మా వంశంలో ఇంత పెద్ద ఉత్తరం ఎవురికీ రాలేదు" అన్నాడు ఆయన.

చెరగని రూపం పొందిన నా అవివేకాన్ని చేతిలో పట్టుకుని, పాత పాట ఏమైందని అడిగాను.

"తీసేసినాం సామీ" అన్నాడు ఖాదర్. "తప్పుండే పాట పక్కన మీ పేరుంటే మర్యాద గాదని మా దరువు నాగేష్ వాని ఫోన్లో ఉండేది గూడా తుడిచేసినాడు."

"కొత్తది మీకు బాగున్నదా?"

అతడు తండ్రి వైపు చూశాడు, లామినేషన్ వైపు చూశాడు. "మీరు చెప్పినారంటే బాగుండేదే గదా సామీ."

"నిజం చెప్పు నాయనా."

"మా ఫ్యాన్స్‌లో ఒకడు కింద రాసినాడు, పాటకి ఇస్త్రీ జేసినారు అని. ఇంగొకడు, ఆ పెద్దాయన యాడుంటాడో అడ్రస్ చెప్పండ్రా అని."

నా చిరునామా ఇవ్వనందుకు కృతజ్ఞతలు చెప్పాను. మళ్లీ పాతదానిలాగే చేయవచ్చు కదా అన్నాను. ఖాదర్ తల గీరుకున్నాడు. "దరువు నాగేష్ పని. ఈసారి యాడ తెచ్చినాడో అడిగితే మాట మారుస్తాండాడు. గంగకి తెలుసు, కానీ నాకు చెప్పదు. మీకు చెప్తాదేమో. రేపు పెనుకొండలో దిగండి సామీ, నేను ఫోన్ జేసి చెప్తా."

పెనుకొండ: శనివారం

పల్లవి పాడే గంగ కార్ల ఫ్యాక్టరీలో పనిచేస్తుంది. షిఫ్టు ముగిసేవరకు కోట చూద్దామని బయలుదేరి, కోట దాకా పోలేకపోయాను. దారిలో ఒక బోర్డు నన్ను ఆపింది. గుండ్రాలు, గీతలు, చిన్న చిన్న గడులు. రాయలవారి రెండవ రాజధాని అనిపించుకున్న ఊరు కదా, ఏదో మరుగుపడిన లిపి బయటపడిందని ఒళ్లు పులకరించింది. గొడుగు కింద నిలబడి చీటీ మీద అక్షరాలు దించుకున్నాను. ఒక అక్షరం మన పాత శాసనాలలోని ఠకారాన్ని పోలి ఉందని నిర్ధారించుకున్నాను కూడా. పావుగంట గమనించిన పక్క దుకాణం కాపలాదారు లేచి వచ్చాడు.

"ఏమప్పా, కటింగ్ జేయించుకుంటావా?"

అది క్షౌరశాల. ఫ్యాక్టరీకి వచ్చిన కొరియా వారి కోసం వారి భాషలో రాయించిన బోర్డు. పరాయి దేశస్థుల జుట్టు కోసం ఇంత శ్రద్ధగా అక్షరాలు దిద్దించిన ఊరిలో, తెలుగు బోర్డు మీద మాత్రం ఒక ఒత్తు రాలిపోయి ఉంది. చీటీ మడిచి జేబులో పెట్టుకున్నాను. భాషాపతనం గురించి మా సమితి రెండవ సభ పెడితే పనికి వస్తుంది.

గంగ యూనిఫారంలోనే వచ్చింది. చిన్న హోటలులో రాగి సంగటి, చెనిగ్గింజల ఊరుబిండి, అంటే మా వైపు వేరుశనగ పచ్చడి, తెప్పించింది. నేను సంగటిని అన్నంలా వేళ్లతో కలపబోయాను.

"కలపగూడదు అయ్యోరా, తుంచి అద్దుకోని మింగల్ల. నమిలితే పళ్లకు అంటుకుంటాది."

ముద్ద గొంతు దిగింది. "కోటలో రాజు లేడు, కొండ మీంద నీడ లేదు, కారు జేసే చేతికి కారు తాళం లేదు" అన్న పల్లవి ఆమె స్వయంగా కట్టినదే. మొదట విన్నప్పుడు అంత్యప్రాసల క్రమాన్ని మెచ్చుకున్నాను. ఇప్పుడు ఎదురుగా ఆ చేయి సంగటి తుంచుతున్నది. వేలి కొసలు మరలు తిప్పి తిప్పి గట్టిపడి ఉన్నాయి. ప్రాస గురించి చెప్పబోయిన మాట సంగటితో పాటు మింగేశాను.

కొత్త దరువు ఎక్కడిదని అడిగాను.

గంగ చేయి ఆపింది. "అది మిషన్ మగ్గం అయ్యోరా. కరెంటుది. నాగేష్ వాళ్ల వీధి చివర షెడ్డులో ఉండాది. ఆడ ఫోన్ పెట్టి రికార్డు జేసినాడు."

చేనేత మగ్గం మీద బతికే తల్లి గురించిన పాటకు, ఆ తల్లి బతుకును తినేస్తున్న మరమగ్గం చప్పుడు దరువైంది. అది పాడబోయేది చేనేతవారి సభలో.

"ఎందుకలా చేశాడమ్మా?"

"మీరే కదా సమంగా కొట్టమని రాసింది? మనిషి కొడితే సమంగా యాడ వస్తాది? వాళ్లమ్మ మగ్గం ఆగుతాది. మిషన్ ఆగదు. మీ మాట నిలబెట్టల్లని పోయి పట్టుకొచ్చినాడు." నీళ్లు తాగి మళ్లీ అంది. "నాకు సంగతి తెలిసింది మొన్ననే. ధర్మవరంలో ముసిలోళ్లు రెండో ఏటుకే కనిపెడతారు. నాగేష్‌ని ఇంగ ఆ వీధిలో తలకాయ ఎత్తుకోనిస్తారా? వాళ్లమ్మ అయితే వాన్ని ఫోన్ తీసుకోని మగ్గం దగ్గరికే రానీయడం ల్యా."

"ఆ మగ్గం ఎందుకు ఆగుతుంది?"

"అది నేను చెప్తే మీరు మళ్లా ఉత్తరం రాస్తారు. పోయి చూడండి" అంది గంగ. "నేను, ఖాదర్ రేపు పొద్దున బండ్లో వస్తాం."

సంగటి డబ్బులు నన్ను ఇవ్వనీయలేదు. పెద్దలను గౌరవించడంలో ఈ బృందం చాలా నష్టపోయిందనిపించింది.

ధర్మవరం: ఆదివారం

స్టేషను దాటగానే నాకు నేనే ఎదురయ్యాను. మూడంతస్తుల ఎత్తు ఫ్లెక్సీ. ఏదో పాత సన్మానపు ఫొటో, మెడలో దండ, ముఖంలో లోకాన్ని దిద్దేశానన్న తృప్తి. కింద "తప్పుల్లేని తొలి ర్యాప్" అని ఎర్రని అక్షరాలు. తలపాగాలా తువ్వాలు చుట్టుకుని దాని కింద నుండి వంగి నడిచాను.

నాగేష్ ఇంటి ముందుగదిలోనే మగ్గం. నేలలో తవ్విన గుంతలో కాళ్లు దించి, గట్టు మీద కూర్చుని అతని తల్లి ఆదిలక్ష్మమ్మ నేస్తున్నది. చిలకాకుపచ్చ పట్టు మీద జానెడు వెడల్పు జరీ అంచు. పైన కట్టిన, అంచులో పువ్వు తేల్చే చిల్లుల అట్టల దండ ఒక్కో ఏటుకు ఒక్కో అట్ట తిరుగుతున్నది. నాగేష్ నన్ను చూసి లేచి, మళ్లీ కూర్చున్నాడు. ఆమె లేవలేదు. నేతలో పువ్వు సగంలో ఉంది.

"మీరేనా సామీ, నా కాలికి తప్పు పట్టింది?"

కాలికి కాదమ్మా, తాళానికి అనబోయి ఆగాను. అప్పటికి చెవి తనంత తాను లెక్కపెడుతున్నది. మగ్గం ఆగింది. ఆమె కుడి కాలు కాలి కర్ర మీదనే ఉండిపోయింది. చేయి దిగి మోకాలి చిప్ప మీద ఒక్కసారి ఒత్తింది. అర ఊపిరి. మళ్లీ తొక్కింది.

"ఇరవై ఏండ్లాయ" అన్నది ఆమె. "ఎనిమిదిసార్లు తొక్కితే మోకాలు పట్టుకుంటాండె. రవ్వంత నిలిపి మళ్లా తొక్కుతా. మావాడు పుట్టినప్పుటి నుంచి వింటాండాడు. అది తప్పని వానికి తెలీదు. మీరు రాస్తేనే తెలిసింది."

నాగేష్ తల వంచుకున్నాడు.

"ఉత్తరం ఖాదర్ చదివి ఇనిపించినాడు. కొంగ గురించి ఒకటిన్నర పేజీ రాసినారంట గదా. బాగుందన్నాడు." నాడె విసిరింది. "కొంగ కనపడింది సామీ మీకు. కాలు కనపడల్యా?"

వాదప్రతివాదాలలో నేను ఓడిన సందర్భాలు తక్కువ. ఓడినప్పుడు లేచి వెళ్లిపోవడం అలవాటు. ఆ రోజు గుంత పక్కన నేల మీద కూర్చున్నాను.

"కనపడలేదమ్మా. తప్పు నాది. సాయంత్రం సభలో ఆ మరమగ్గం మోగకూడదు. ఒక్కసారి నీ మగ్గం దగ్గర ఫోను పెట్టనివ్వు."

"మిషన్ చప్పుడు నా పాటకు పెట్టిన నా కొడుక్కి ముందు గడ్డి పెట్టు సామీ."

"వాడికి గడ్డి పెట్టినవాణ్ణి నేనే కదమ్మా."

ఆమెకు నవ్వు వచ్చింది. వచ్చిన నవ్వును దాచుకోవడానికి నాడెలోని పోగు కండె మార్చుకున్నది. "పెట్టుకోరా" అన్నది కొడుకుతో. "కానీ ఇప్పుడు ఎనిమిది రావు."

నాగేష్ ఫోను గట్టు మీద పెట్టాడు. ఒకటి, రెండు, మూడు, నాలుగు, ఐదు, ఆరు. మగ్గం ఆగింది. చేయి మోకాలి మీదికి పోయింది. మళ్లీ ఆరు, మళ్లీ ఆగింది. ఏడాదిలో రెండు ఏట్లు తగ్గాయి.

"ఎప్పుటి నుంచిమా?" అన్నాడు నాగేష్.

"నువ్వు నా మగ్గం ఇనేది మానుకున్నప్పుటి నుంచి."

ఖాదర్, గంగ వచ్చేసరికి పది గంటలైంది. ఎనిమిది ఏట్లకు కట్టిన పాటను ఆరింటికి కుదించాలి. ఖాదర్ మండీ వేగంతో చరణాల వెంట చరణాలు కత్తిరించుకుంటూ పోయాడు. ఒక్క పాదం దగ్గర ఆగిపోయాడు.

"సామీ, ఇది మీరు మెచ్చుకున్నేది. 'పొద్దంతా', 'ఒంటికాలి', ఈ రెండు మాటలు తీస్తే ఏటుకొక మాటగా ఆరుకి సరిపోతాది. కొంగకి ఏం గాకుండా చూసుకుంటా."

గుంతలో మాయమ్మ కాలు, నీళ్లల్లో నిలబడ్డ కొంగ. సలక్షణంగా కుదిరింది. నా శిష్యుడైతే వీపు తట్టేవాణ్ణి. కలం అడిగి తీసుకుని కొంగను కొట్టేశాను. నీళ్లనూ కొట్టేశాను.

గుంతలో పొద్దంతా మాయమ్మ కాలు.

"నాలుగే వచ్చినాయి సామీ. ఇంకా రెండు ఏట్లుండాయి. ఏం పెట్టల్ల?"

"ఏమీ వద్దు. మగ్గం ఉంది కదా."

అదే రోజు, సాయంత్రం

ఫంక్షన్ హాలులో ముందు వరుసలన్నీ నేతపనివారే. అధ్యక్షులవారు "రాప్ అనే పాశ్చాత్య ప్రక్రియ" అంటూ ఇరవై నిమిషాలు తీసుకున్నారు. అలాంటి ఉపన్యాసం ఎదుటివైపు నుండి వింటే ఎలా ఉంటుందో మొదటిసారి తెలిసింది. నాకు శాలువా కప్పబోతే, మరమగ్గం మీద నేసినదని అంచు చూసి చెప్పిన ముందు వరుస ముసలాయన పుణ్యమా అని అది తప్పింది.

తరువాత దరువు మొదలైంది. రెండవ ఏటుకు ముసలాయన పక్కవాణ్ణి మోచేత్తో పొడిచాడు. "చెయ్యి మగ్గమే" అన్నాడు. ఖాదర్ అందుకున్నాడు. "గుంతలో పొద్దంతా మాయమ్మ కాలు." మాట అయిపోయింది. మాట లేకుండా రెండు ఏట్లు పడ్డాయి. దరువు ఆగింది. ఆ అర ఊపిరిలో ముందు వరుస ఆడవాళ్లలో ఇద్దరు ముగ్గురి చేతులు వారికి తెలియకుండానే మోకాళ్ల మీదికి పోయాయి.

పాట ముగిసి చప్పట్లు ఆగకముందే ఆదిలక్ష్మమ్మ కుంటుకుంటూ నా కుర్చీ దగ్గరికి వచ్చి, హాలంతా వినేలా అడిగింది.

"సామీ, ఇంగా ఏమన్నా తప్పులుంటే ఇప్పుడే చెప్పెయ్. మళ్లా ఊరికి పోయి ఉత్తరాలు రాయొద్దు."

మూడవ చరణంలో ఖాదర్ ఒక మాటను ఒక ఏటు ముందుగా అందుకున్నాడు. స్పష్టంగా విన్నాను.

"ఒక్కటి కూడా లేదమ్మా" అన్నాను. ఛందస్సు విషయంలో నేను ఆడిన మొదటి అబద్ధం అది.